టీసీగారి కాపలా

లోకంలో మొగుళ్ళు రకరకాలు. పలకనివాళ్ళున్నారు, పలికితే ఆపనివాళ్ళున్నారు, తువ్వాలు ఎక్కడుందని పెళ్ళైన మర్నాడు మొదలుపెట్టి ముసలితనందాకా అడుగుతూనే ఉండేవాళ్ళున్నారు. వీళ్ళలో ఎవరు దొరికినా అంచక్క సర్దుకుపోయేది. ఆమెకి దొరికింది మాత్రం టికెట్ కలెక్టరు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ పెద్దమనిషి అధికారం బోగీల మీద సాగింది. రిటైరయ్యాక చెలాయించడానికి బోగీలు లేక, మేడమెట్ల పైన తలుపు పక్కనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఇంటినే బోగీ చేసేశారు. వీధి వీధంతా ఇప్పటికీ ఆయన్ని టీసీగారనే అంటుంది. మేడెక్కేవాళ్ళు ఎవరైనా సరే, నాలుగు మెట్ల కిందే ఆగాలి.

"దగ్గుందా?"

"లేదండీ."

"జలుబు?"

"లేదండీ."

"ఫ్లూ టీకా వేయించుకున్నావా?"

మొన్న గ్యాస్ సిలిండరు మోసుకొచ్చినవాడు భుజం మీద బరువుతోనే వీటన్నిటికీ జవాబు చెప్పుకోవలసి వచ్చింది. చివరిదానికి లేదన్నాడు. దాంతో సిలిండరు లోపలికొచ్చింది కానీ మనిషి రాలేదు. టీసీగారే దాన్ని దొర్లించుకుంటూ వంటగదిదాకా తెచ్చి, గోడకి చేరబడి ఆయాసపడ్డారు.

"సిలిండరు వేయించుకున్నానందా?" అని అడిగింది అంచక్క.

"నీకు నవ్వులాటగానే ఉంటుంది," అన్నారాయన నడుం నిమురుకుంటూ.

నవ్వులాట కాదని ఆమెకీ తెలుసు. ఆమె పొత్తికడుపులో కుడివైపున్న కిడ్నీ తమ్ముడిది. అది పరాయి సొత్తని ఒళ్ళు పసిగట్టి తరిమెయ్యకుండా పొద్దునా సాయంత్రమూ మాత్రలు వేసుకోవాలి. ఆ మాత్రలు ఒంట్లోని కాపలావాళ్ళందరినీ జోకొట్టి పడుకోబెడతాయి. లోపలివాళ్ళు పడుకున్నారు కాబట్టి బయటి కాపలా తనదని టీసీగారి వాదన. వాదనలో తప్పు పట్టడానికేమీ లేదు. కుర్చీయే కాస్త ఎక్కువగా కిర్రుమంటుంది.

ఆ వారం మొదట్లో కిడ్నీ డాక్టరు రక్తపరీక్ష కాగితాలు చూసి, అంచక్క ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న మాట తనంతట తనే అనేశాడు. "బాగున్నాయమ్మా. ఫ్లూ టీకా వేయించుకుని నెల దాటిందిగా. కిటికీ పక్కన కూర్చుని, మూతికి మాస్కు పెట్టుకుని, పూటకి కాసేపు పనిచేసుకోవచ్చు."

అంచక్క ఒళ్ళో పెట్టుకున్న సంచీ పిడిని వేళ్ళతో మడిచి, ఆ మడత మీద గోటితో గీత గీసింది. గుడ్డని సూదికి సిద్ధం చేసేటప్పుడు అలా గీస్తారు.

"డాక్టరుగారూ," అన్నారు టీసీగారు, "ఆ టీకా ఈమెకి పూర్తిగా పనిచేస్తుందని మీరు హామీ ఇస్తారా?"

"ఎవరికీ ఇవ్వనండీ. ఫ్లూ ఏడాదికో వేషం వేస్తుంది. దాన్ని ముందుగా ఊహించి టీకా తయారుచేస్తారు. ఒక ఏడాది బాగా కుదురుతుంది, ఒక ఏడాది అంతంతమాత్రం. పైగా ఈవిడ వేసుకునే మాత్రల మూలంగా మనకి పట్టినంతగా ఈవిడకి పట్టకపోవచ్చు. అయినా ఇలాంటివాళ్ళలో వేయించుకున్నవాళ్ళు జబ్బు ముదిరి ఆసుపత్రి మంచమెక్కడం తక్కువ. గాలివానలో గొడుగు అనుకోండి. తడవరని చెప్పను. గొడుగు లేకుండా వెళ్ళమనీ చెప్పను. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా వేయించుకుంటే అసలు వానే తగ్గుతుంది."

టీసీగారు ప్రతి మాటకీ తలూపారు. ఇంటికెళ్ళే బస్సులో మాత్రం ఆయన దగ్గర మిగిలింది ఒక్క మాటే.

"పట్టకపోవచ్చన్నారు, విన్నావుగా."

"పనికెళ్ళొచ్చన్నారు, మీరు విన్నారుగా."

"అది మర్యాదకి అన్నమాటే. ముందు మీ కార్ఖానాలో ఎవరెవరు వేయించుకున్నారో తేల్చు. చుట్టూ ఉన్నవాళ్ళు అన్నారాయన."

అంచక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కార్ఖానా అంటే నాటకశాలలకీ సభాభవనాలకీ తెరలు కుట్టే పాత గిడ్డంగి. దాని నడుమ బల్లలన్నీ కలిపి పరిచిన ఒకే ఒక పెద్ద బల్ల. తెర ఏ ఒక్కరి ఒళ్ళోనూ పట్టదు. నలుగురు నాలుగు వైపులా కూర్చుని తలా ఒక పక్కనుంచి కుట్టుకుంటూ రావాలి. ఒకరు గుడ్డ లాగితే అవతలివాళ్ళ మోకాళ్ళ మీద అది కదులుతుంది. అంచులు ఆమె వంతు కాబట్టే ఆమె అంచక్క అయింది. సొంత పేరు పెట్టి పిలిచేది ఆసుపత్రివాళ్ళు మాత్రమే. ఆపరేషను తర్వాత ఇంట్లో కూర్చుని దిండుగలీబులు కుట్టింది, చేతిరుమాళ్ళు కుట్టింది, ఏమీ తోచక టీసీగారి పాత చొక్కా చేతులు విప్పి మళ్ళీ కుట్టింది. ఎంత కుట్టినా గుడ్డ రెండో కొస కదిలేది కాదు. అటు పట్టుకుని లాగేవాళ్ళు లేరు.

ఇంటికొచ్చాక కార్ఖానా నడిపే పెద్దక్కకి ఫోన్ చేసి విషయం చెప్పింది. పెద్దక్క పళ్ళ మధ్య దారం కొరికిన చప్పుడు వినిపించింది.

"మేమంతా పోయిన నెలలోనే వేయించుకున్నామే. నువ్వొస్తావని తెలియదూ? పిట్ట సూది చూసి కళ్ళు తిరిగి పడింది. రోజంతా సూది పట్టుకుని బతికే మనిషి. నీ కుర్చీ కిటికీ వైపు జరిపేశాం. పెద్ద తెర పట్టాం ఇప్పుడు, ముదురు వంకాయరంగు మఖమల్. వచ్చే వారం శనివారం పట్టుకెళ్ళి తగిలించాలి. సోమవారం వచ్చెయ్."

"వస్తాను," అంది అంచక్క.

"బావగారు కూడా వేయించుకున్నారుగా?"

"ఆయనా? లోకమంతటికీ వేయిస్తున్నారు, తను వేయించుకోకుండా ఉంటారా?"

టీసీగారు పక్కనే నిలబడి గోడగడియారానికి కీ ఇస్తున్నారు. అది కీ అక్కర్లేని బ్యాటరీ గడియారమన్న సంగతి ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

మరో రెండు రోజులకి పిట్ట వచ్చింది. కార్ఖానాలో అందరికంటే చిన్నది, నోరు మూతపడదు, అందుకే పిట్ట. చంకలో మఖమల్ మూట. నాలుగు మెట్ల కింద ఆగి, అడక్కుండానే చేయి పైకి మడిచి చూపించింది.

"ఇదిగో బాబాయ్, ఇక్కడే పొడిచారు. ఇప్పుడు మచ్చ లేదనుకో. నమ్మకపోతే పెద్దక్కని అడుగు. దగ్గు లేదు, జలుబు లేదు, మొగుడు లేడు. ఇంకేమన్నా అడుగుతావా?"

టీసీగారు నవ్వాపుకుని కుర్చీ జరిపారు.

పిట్ట మంచం మీద మూట విప్పింది. పాత మఖమల్ వాసన, సుద్ద వాసన, మిషన్ నూనె వాసన గదంతా నిండాయి. అంచక్క అరచేత్తో గుడ్డని ఒకసారి పైనుంచి కిందికి, ఒకసారి కిందినుంచి పైకి నిమిరింది. ఒకవైపు నిమిరితే మెరిసింది, ఇంకోవైపు నిమిరితే చీకటి కమ్మింది.

"నూగు కిందికే పెడుతున్నారుగా అన్ని పట్టీలకీ? ఒక్కటి తిరగబడినా దీపాల వెలుగులో అతుకేసినట్టు కనిపిస్తుంది."

"పెద్దక్క చంపేస్తుంది పెట్టకపోతే. తెర నిలవడానికి అంచులో బరువు గొలుసు ఎక్కించడమే నాకు కుదరట్లేదక్కా. కుట్టు పైకి తేలిపోతోంది."

"సూది నిలువుగా దించుతున్నావు. పడుకోబెట్టి, పైగుడ్డలో ఒక్క పోగు మాత్రం పట్టు. రెండు పట్టావా, చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది." అంచక్క వేలికి తొడుగు పెట్టుకుని జానెడు కుట్టి చూపించింది. కుట్టిన చోటు వెతుక్కున్నా దొరకలేదు.

గుడ్డ దులిపి మడుస్తుంటే సుద్దదుమ్ము లేచి పిట్ట తుమ్మింది. బయట కుర్చీ కిర్రుమంది.

"సుద్ద బాబాయ్, సుద్ద," అంది పిట్ట.

ఆమె వెళ్ళాక టీసీగారు కిటికీలన్నీ బార్లా తెరిచి, తన దారిన తను పెన్షనర్ల గదికి పేకాటకి వెళ్ళారు. చీకటి పడేవేళకి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ నవ్వారు. "ఆ పోస్టుమాస్టరు దగ్గుకి పంచిన ముక్కలు ఎగిరిపోయాయనుకో. ఎవడి చేతిలో ఏముందో అందరికీ తెలిసిపోయింది."

"అలాంటప్పుడు లేచి రాకపోయారా?"

"నాకేంటే. ఉద్యోగమంతా కిక్కిరిసిన బోగీల్లో చేశాను. ఎంతమంది నా మొహం మీద దగ్గలేదు? నాకు జలుబు చేయడం నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. అదీ నిజమే.

ఆదివారం మధ్యాహ్నం టీసీగారు అన్నం ముందు కూర్చుని చేయి కడిగేసుకున్నారు. నోరు చేదుగా ఉందన్నారు. కాసేపటికి ఎండలో నిలబడి వణికారు. అంచక్క నుదురు పట్టి చూడబోతే రెండడుగులు వెనక్కి వేసి, "దగ్గరికి రాకు," అన్నారు. అప్పుడా మాట అనడం వల్ల ఏం లాభం? ముందు రోజంతా ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నారు, ఒకే మంచం మీద పడుకున్నారు.

"అది ఆ పిట్ట పని," అన్నారు కాస్త ఊపిరి తీసుకుని. "తుమ్మింది చూశావా? నేను అప్పుడే అనుకున్నాను."

"సుద్దకి తుమ్మింది."

"సుద్దకి జ్వరం రాదు," అని టీసీగారు ఆ జ్వరంతోనే పెద్దక్కకి ఫోన్ చేసి, మీ పిల్ల మా ఇంటికి జబ్బు తెచ్చిపెట్టిందని చెప్పేశారు. చెప్పాక ఆయనకి కొంచెం నెమ్మదించినట్టుంది, దుప్పటి ముసుగేసుకుని ముందు గదిలో పడుకున్నారు. అంచక్క ఆ గది తలుపు దగ్గరగా వేసింది. మెట్ల దగ్గరున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తలుపుకి దూరంగా వేసుకుని కూర్చుంది. మంచినీళ్ళు గడపలో పెట్టి, తను పక్కకి తప్పుకుని, తీసుకోమనేది. ఇల్లంతటికీ కాపలా కాసిన మనిషికి ఇప్పుడు తను కాపలా.

మర్నాడు కార్ఖానాకి వెళ్ళడానికని ఆమె సర్దుకున్న సంచీ తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. సూదులు, వేలి తొడుగు, మైనం ముక్క, కళ్ళజోడు. దాన్ని తీసి అలమరలో పెట్టబోయి, మళ్ళీ మేకుకే తగిలించింది.

ఫోన్ మోగింది. పిట్ట. మాటలకంటే ముందు ముక్కు చీదిన చప్పుడొచ్చింది.

"అక్కా, నిజంగా నాకేం లేదక్కా. ఇది ఏడుపు, జలుబు కాదు. పెద్దక్క నన్ను బల్ల దగ్గర కూర్చోవద్దంది. తెర వెళ్ళేదాకా ఇంట్లోనే ఉండమంది. నిన్ను చూడ్డానికొచ్చి నేనే నీకు..."

"నువ్వు కాదే."

"నీకెలా తెలుసు?"

అంచక్కకి ఎలా తెలుసో తెలియదు. పోస్టుమాస్టరు దగ్గు గుర్తొచ్చింది. కానీ టీకా వేయించుకున్న మనిషికి అంత తేలిగ్గా అంటుతుందా అని కూడా అనిపించింది. అంటుకోవచ్చన్నాడుగా డాక్టరు, గొడుగున్నా తడుస్తారని. "తెలుసు," అని మాత్రం అంది.

సోమవారం పొద్దున్నే డాక్టరు ఇద్దరినీ వెనకదారిన విడిగా ఒక గదిలోకి పిలిపించాడు. మాస్కు పైనుంచి కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ముక్కులోంచి దూదిపుల్లతో తీసి పంపిన పరీక్షలో టీసీగారిది ఫ్లూయేనని తేలింది. అంచక్కకి ఇంకా జ్వరం లేదు, గొంతులో మాత్రం గరగర.

"ఈవిడకి ఫ్లూ మాత్రలు ఇప్పుడే మొదలుపెడుతున్నాను, ఆగను. ఈవిడ టీకా రోజు నాకు తెలుసు." ఆయన టీసీగారి వైపు తిరిగాడు. "మీరెప్పుడు వేయించుకున్నారు?"

"నాతోపాటే, అదే రోజు," అంది అంచక్క.

టీసీగారు చెప్పుల వైపు చూస్తున్నారు.

"అదే రోజేనా?" అని మళ్ళీ అడిగాడు డాక్టరు.

అంచక్క మెల్లగా తల తిప్పి మొగుడి వైపు చూసింది. ఆ రోజు తన వంతు అయ్యాక, వరస పొడుగ్గా ఉంది, నువ్వు బయట గాలికి కూర్చో అన్నారు. కాసేపటికి ఆయన బయటికొస్తే, అయిందా అని తను అడిగింది. "అయింది, పద," అన్నారు. ఏమయిందో ఆమె అడగలేదు.

"లేదండీ," అన్నారు టీసీగారు.

డాక్టరు మందులు రాసి, ఆయాసం వచ్చినా మూత్రం తగ్గినా ఆ క్షణమే రమ్మన్నాడు. 

తిరిగి వచ్చేటప్పుడు టాక్సీలో అద్దాలు దించుకుని చెరో మూలా కూర్చున్నారు. చాలా దూరం వచ్చాక టీసీగారు నోరు తెరిచారు. "రైల్లో మమ్మల్ని టికెట్ అడిగేవాళ్ళుండరు. ఎక్కడికెళ్ళినా అడిగేవాడినే కానీ, నన్నెవరూ... చుట్టూ ఉన్నవాళ్ళు అంటే వచ్చిపోయేవాళ్ళనుకున్నాను. నేను ఇంట్లోవాణ్ణి కదా అనుకున్నాను."

"నేనడిగాను," అంది అంచక్క.

ఆమె అరవకుండా కిటికీ వైపు తిరిగింది. అరవడానికి గొంతు గరగరలాడుతోంది. అదొక్కటే కారణం కాదు.

ఆ సాయంత్రం ఆమెకి జ్వరం తగిలింది. ఒళ్ళంతా ఎవరో మెలిపెట్టి పిండినట్టు నొప్పులు. పడుకుని పొత్తికడుపు కుడివైపు అరచెయ్యి వేసుకుంది. తమ్ముడు ఫోన్లో, "అక్కా, నాదేం చేస్తోంది?" అని అడిగాడు. "పడుకుంది," అంది ఆమె. అలా అని, ఫోన్ పెట్టేశాక చాలాసేపు చెయ్యి తీయలేదు. టీసీగారు తన జ్వరం తనకుండగానే గడపలో మంచినీళ్ళు పెట్టి పక్కకి తప్పుకునేవారు. ఆమె ఎన్నిసార్లు బాత్‌రూముకి వెళ్ళిందీ తలుపవతలనుంచి వింటున్నారని ఆమెకి తెలుసు. నీళ్ళ చప్పుడు ఆగాక ఆయన ఊపిరి వదిలేది కూడా వినిపించేది.

పెద్దక్క ఫోన్ చేస్తే అంచక్క ఎత్తి, "తగ్గుతుందిలే," అంది.

"ఆ పిల్లని దగ్గరికి రానివ్వడంలేదు నేను. నువ్వేం దిగులుపడకు."

"అది కాదు, పెద్దక్కా. దాన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టు."

"మరి ఎవరు తెచ్చిపెట్టినట్టు?"

అంచక్క కళ్ళెత్తి చూసింది. టీసీగారు అవతలి గదిలో తలుపు సందులోంచి కనిపిస్తున్నారు. ఆయన చెవులు ఇటే ఉన్నాయి. ఆమె ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట తనది కాదు. మొగుడి చొక్కా గుండీలు కుట్టింది, మొగుడి తరఫున బంధువులకి సంజాయిషీలు చెప్పింది, ఇది మాత్రం ఆయన నోటినుంచే రావాలి. "ఉంటాను," అని ఫోన్ పెట్టేసింది. టీసీగారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

మూడో రోజుకి జ్వరం దిగింది. డాక్టరు ఇంటికే మనిషిని పంపి రక్తం తీయించి, ఫోన్లో తనే చెప్పాడు. "కిడ్నీకేమీ కాలేదమ్మా. గట్టెక్కినట్టే."

"టీకా పనిచేసిందనుకోవచ్చా?"

"మాత్రలు వెంటనే మొదలుపెట్టాం, టీకా కూడా లోపల ఉంది. ఏది ఎంత కాపాడిందో ఒక్క మనిషిని చూసి చెప్పలేను. వందలమందిని పక్కపక్కన పెట్టి చూస్తే చెప్పగలను. మీలాంటివాళ్ళు టీకా లేకుండా నా దగ్గరికొచ్చిన రోజులు చూశాను కాబట్టి మాత్రం, వచ్చే ఏడాది కూడా వేయించుకోమంటాను."

శనివారం వచ్చింది. అంచక్క ఇంకా బయటికి వెళ్ళకూడదు. కిటికీ దగ్గర దిండు వేసుకుని కూర్చుంది. ఆ పూట తెర కార్ఖానానుంచి వెళ్ళిపోతుందని తెలుసు. గొలుసు ఎక్కించిన అంచు నేలకి తాకీ తాకకుండా ఆగుతుందా, దీపాలు వేశాక నూగు ఒక్క తీరుగా మెరుస్తుందా అని ఇక్కడ కూర్చుని ఊహించుకోవడమే. చేతులు ఒళ్ళో ఉన్నాయి, వేళ్ళు మాత్రం ఖాళీ గాలిలో ఒక్కొక్క పోగే పట్టుకుంటున్నాయి.

కిందనుంచి వ్యాను హారను వినిపించింది. పెద్దక్క దిగింది, ఆమె వెనక మరో ఇద్దరు. వ్యాను వెనక తలుపులు తీసి, చుట్టిన తెరని నలుగురు మోసే శవంలా కాకుండా చంటిపిల్లలా చేతుల మీదికి తీసుకుని, ఒక కొస విప్పి కిటికీ వైపు ఎత్తి పట్టారు. ఎండకి వంకాయరంగు నల్లగా మారి, గాలికి మళ్ళీ మెరిసింది.

"చూసుకోవే," అని అరిచింది పెద్దక్క. "నువ్వు లేకుండానే అయిపోయింది."

అంచక్క చూసింది. బాగుంది. కొసన మాత్రం కుట్టు రెండు పోగులు పట్టి వంకరపోయింది. అంత దూరంనుంచి ఇంకెవరికీ కనిపించదు. దిగివెళ్ళి ఆ జానెడు విప్పేసి మళ్ళీ కుట్టాలని వేళ్ళు లాగాయి. "బ్రహ్మాండంగా ఉంది," అని చెయ్యి ఊపింది.

అప్పుడు కనిపించింది పిట్ట. వ్యాను ముందు సీట్లో డ్రైవరు పక్కన తలొంచుకుని కూర్చుంది. దిగలేదు. పైకి కూడా చూడలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. టీసీగారు మూతికి మాస్కు పెట్టుకుని, గోడ పట్టుకుంటూ, జ్వరం నీరసంతో ఒక్కొక్క మెట్టే దిగుతున్నారు. వాళ్ళకి చాలా ఇవతలే ఆగిపోయారు. పెద్దక్క పలకరించబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"మీరందరూ టీకా వేయించుకున్నారు," అన్నారు. గొంతు బొంగురుగా ఉంది. "ఆ పిల్ల కూడా వేయించుకుంది. మా ఇంట్లో వేయించుకోనిది నేనే. వేయించుకున్నానని మా ఆవిడతో అబద్ధమాడాను. పేకాటలో అంటించుకుని, తెచ్చి ఆవిడకి అంటించి, నెపం ఆ పిల్ల మీద వేశాను."

తెర పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. వీధిలో సైకిలు మీద వెళ్ళేవాడొకడు కాలు దించి ఆగాడు. పిట్ట తలెత్తింది.

టీసీగారు ఆ తర్వాత ఏదో అన్నారు. మాస్కులోనే, నేల చూస్తూ, పెదాలు కదిలీ కదలనట్టుగా. అంచక్కకి ఆ మాట స్పష్టంగానే వినిపించింది. ఆ నోటినుంచి అది వినాలని ఈ వారంనుంచే కాదు, చాలా ఏళ్ళనుంచి ఎదురుచూస్తోంది. అయినా కిటికీ ఊచలకి మొహం ఆనించి, వీలైనంత అమాయకంగా అంది:

"ఏమండీ, ఇక్కడికి వినపడలేదు."

ఆయన తలెత్తి పైకి చూశారు. ఆమె కళ్ళలో ఏముందో ఆయనకి అంత దూరంనుంచీ తెలిసినట్టే ఉంది. ఒకసారి దగ్గి, ఊపిరి కూడదీసుకుని, వీధంతటికీ వినపడేలా గొంతు పెంచారు.

"తప్పు నాదే."